సగం మత్తయితే సగం భయమేనా?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో, వాట్సాప్ మెసేజుల్లో ఒకే ప్రశ్న తిరిగి తిరిగి వచ్చింది. "డాక్టరమ్మా, ఫుల్ మత్తు మంచిదా, డీప్ సెడేషన్ మంచిదా?" హన్మకొండలో ఇప్పుడు ఏ రోడ్డున పోయినా ఎండోస్కోపీ బోర్డు కనిపిస్తోంది కాబట్టి ఈ ప్రశ్న రావడంలో వింతేమీ లేదు. మత్తు ఇవ్వడమే బతుకుతెరువుగా పెట్టుకున్నదాన్ని కనుక నాకు తెలిసింది చెబుతాను. ఒక్క మాట ముందే చెప్పాలి. నేను మీ రిపోర్టులు చూడలేదు, మీ ఛాతీ మీద స్టెతస్కోప్ పెట్టలేదు. అవి చూసిన డాక్టర్ మాటే మీకు ఆఖరి మాట.

ప్రశ్న: మా బాపుకు అరవై ఎనిమిదేళ్లు. పైత్యనాళంలో రాయి ఇరుక్కుంది, ఈఆర్‌సీపీ (నోటి గుండా ఎండోస్కోప్ పంపి, ఎక్స్‌రేలో చూస్తూ చేసే పని) చేసి తీస్తామన్నారు. మూడేళ్ల కింద గుండెకు స్టెంటు పడింది. బీడీ మానేశాడు గానీ పొద్దుగూకితే కల్లు మానలేదు. గురక పెడితే పక్కింటివాళ్లకు నిద్ర ఉండదు. ఇక్కడి డాక్టర్లు "గొంతులో పైపు వేసి పూర్తి మత్తు ఇచ్చి చేస్తాం" అంటున్నారు. హైదరాబాద్‌లో ఉండే మా అన్నేమో "గుండె పేషెంటుకు జనరల్ అనస్థీషియా ఎట్లిస్తరు? మా ఆఫీసులో ఒకాయనకు డీప్ సెడేషన్‌లోనే చేసిన్రు, అదే చేయమను" అని పట్టుబడుతున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఒక కొడుకు, నర్సంపేట

జవాబు: డాక్టర్ల మాట వినండి. మీ అన్నగారి ఆరాటం అర్థమవుతోంది, లెక్క మాత్రం తప్పింది. ఆయన ఒక్కరే కాదు, చదువుకున్నవాళ్లలోనే చాలామంది ఇదే లెక్క వేస్తున్నారు. ఫుల్ మత్తంటే ఫుల్ ప్రమాదం, డీప్ సెడేషన్ అంటే సగం ప్రమాదం అని. అందుకే కొంచెం విడమరిచి చెబుతాను.

మత్తును నాలుగు స్థాయిలుగా చెప్పుకుంటాం. మొదటి దాంట్లో మనిషికి టెన్షన్ తగ్గుతుంది, మాట్లాడితే మామూలుగానే జవాబిస్తాడు. రెండో దాంట్లో జోగుతుంటాడు, పేరు పెట్టి పిలిస్తే కళ్లు తెరుస్తాడు. మూడోదే డీప్ సెడేషన్. ఒక్క పిలుపుకు పలకడు. మళ్లీ మళ్లీ తడితే, గట్టిగా గిచ్చితే మాత్రం చెయ్యి విదిలిస్తాడు. నాలుగోది జనరల్ అనస్థీషియా, కోసినా కదలడు. పుస్తకంలో ఇవి నాలుగు గళ్లలో విడివిడిగా కనిపిస్తాయి. మంచం మీద ఉన్న మనిషిలో ఆ గీతలు ఉండవు. పాకాల చెరువులోకి దిగుతున్నట్టు ఉంటుంది. మోకాళ్ల లోతు, నడుం లోతు, గొంతు లోతు. గొంతు లోతు నుంచి మునిగే లోతుకు ఒక్క అడుగే, ఆ అడుగు ఎక్కడ ఉందో గట్టు మీదున్నవాళ్లకు కనిపించదు.

పైగా ఒకే మనిషి, ఒకే మందు, ఒకే మోతాదు అయినా లోతు మారిపోతుంది. ఎండోస్కోప్ గొంతు దాటుతున్నప్పుడు ఆ ఇబ్బందికి శరీరం ఎదురుతిరుగుతుంది కాబట్టి అప్పుడు డీప్ సెడేషన్. డాక్టర్ స్కోప్‌ను ఒక దగ్గర ఆపి స్క్రీన్ మీద ఎక్స్‌రే చూసుకుంటుంటే కదిపేది లేక అదే మందుకు మనిషి నాలుగో స్థాయిలోకి జారిపోతాడు. మేము డీప్ సెడేషన్ అని కేస్ షీటులో రాస్తాం. నిజంగా ఆ గంటలో ఎన్నిసార్లు ఫుల్ మత్తులోకి పోయి వచ్చాడో షీటులో ఉండదు.

ఇప్పుడు అసలు సంగతి, ఊపిరి. పూర్తి మత్తులో గొంతులో పైపు ఉంటుంది, మిషన్ గాలి కొడుతుంది, ఊపిరి బాధ్యత మేము తీసుకుంటాం. డీప్ సెడేషన్‌లో పైపు ఉండదు. ఊపిరి తీసుకోవాల్సింది రోగే, కానీ ఆ రోగికి సోయి ఉండదు. నాలుక వెనక్కి పడి దారి మూసుకున్నా, కడుపులోంచి పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నినా దగ్గి కక్కేసే తెలివి ఆ లోతులో చాలా తగ్గిపోతుంది. పైపు ఉంటే ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోకుండా దాని చివరనున్న చిన్న బుడగ చాలావరకు అడ్డుకుంటుంది. పైపు అంటే జనానికి భయం గానీ చాలా కేసుల్లో ఆ పైపే మా ధైర్యం.

మీ బాపు కేసుకు వద్దాం. ఈఆర్‌సీపీలో మనిషిని బోర్లా, లేదంటే సగం బోర్లా పడుకోబెడతారు. నోట్లో మామూలు ఎండోస్కోప్ కన్నా లావుపాటిది ఉంటుంది. తల దగ్గర మేం నిలబడాల్సిన చోట గ్యాస్ట్రో డాక్టర్ ఉంటారు. పైన ఎక్స్‌రే మిషన్, గదిలో లైట్లు తక్కువ. రాయి బాగా ఇరుక్కుంటే పని గంట దాటవచ్చు. ఈ మధ్యలో ఊపిరి ఆగితే స్కోప్ లాగాలి, మనిషిని వెల్లకిలా తిప్పాలి, అప్పుడు మాస్కు పెట్టాలి. మెడ సన్నగా ఉండి, గురక లేని ముప్పై ఏళ్ల కుర్రాడైతే ఆ పని చేసేంత వ్యవధి దొరుకుతుంది. పక్కింటికి వినపడే గురక ఉన్నవాళ్లకు గొంతు దారి మామూలు నిద్రలోనే మూసుకుంటోంది. మందు నిద్రలో ఇంకెంత మూసుకుంటుందో ఆలోచించండి. మీ అమ్మగారిని ఒక మాట అడగండి. నిద్రలో గురక ఒక్కసారిగా ఆగిపోయి, కాసేపటికి ఉలిక్కిపడ్డట్టు మళ్లీ ఊపిరి తీసుకుంటాడా? అవునంటే ఆ సంగతి మత్తు డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి. ఆస్పత్రిలో మేమెన్ని ప్రశ్నలు వేసినా ఆ జవాబు పక్కన పడుకునే మనిషికే తెలుస్తుంది.

గుండె గురించి మీ అన్నగారి భయం. డీప్ సెడేషన్‌కు ఎక్కువగా వాడే ప్రొపోఫోల్, ఫుల్ మత్తు మొదలుపెట్టడానికి వాడే ప్రొపోఫోల్ ఒక్కటే మందు. రెండు చోట్లా బీపీని దించుతుంది. స్టెంటు ఉన్న గుండెకు బీపీ కొంచెం దిగడం ఒక ఇబ్బంది, దాన్ని సర్దడానికి మందులున్నాయి. ఊపిరి సరిగా ఆడక ఆక్సిజన్ తగ్గడం అంతకన్నా పెద్ద ఇబ్బంది. గుండె జబ్బు ఉంది కాబట్టి ఊపిరిని గాలికి వదిలేద్దాం అనడం నాకు తలకిందుల వాదంలా కనిపిస్తుంది. ఎకో రిపోర్టు పట్టుకెళ్లండి. రక్తం పలచబడే మాత్రలు ఆపాలా, ఏది ఆపాలి, ఎన్ని రోజులు ఆపాలి అన్నది గుండె డాక్టరూ గ్యాస్ట్రో డాక్టరూ మాట్లాడుకుని చెబుతారు. మెడికల్ షాపు సలహాతో ఆపకండి.

ఇక కల్లు. చెట్టు నుంచి దించిన నికార్సయిన కల్లయితే నేను ఇంత రాయను. మన దగ్గర దుకాణాల్లో అమ్మే కల్లులో అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ కలుపుతూ పట్టుబడటం ఎన్నేళ్లుగా చూస్తున్నామో లెక్కలేదు. అవన్నీ మేమిచ్చే మత్తుమందుల చుట్టాలే. రోజూ తాగే మనిషికి శరీరం వాటికి అలవాటుపడి ఉంటుంది. మామూలు మోతాదుకు నిద్ర పట్టదు. మందు పెంచుతాం, పెంచుతాం, ఒక్కసారిగా లోతుకు పోతాడు. ఇలాంటివాళ్లలో డీప్ సెడేషన్ కుదురుగా నడవడం కష్టం. ఇంకో చిక్కుంది. ఆస్పత్రిలో చేరగానే కల్లు బంద్ అవుతుంది. కొందరికి ఒకటి రెండు రోజుల్లోనే వణుకు, చెమటలు, పిచ్చి మాటలు, ఫిట్స్ వస్తాయి. ఇంట్లోవాళ్లు మత్తు వికటించిందని మమ్మల్ని తిడతారు. బాపు పరువు పోతుందని దాచకండి. ఎంత తాగుతాడు, ఆఖరిసారి ఎప్పుడు తాగాడు, డాక్టర్ చెవిలో చెప్పినా చాలు. ఆస్పత్రికి పోయేముందు రోజు భక్తిగా ఒక్కసారే మానిపించే పని కూడా పెట్టుకోవద్దు, అడిగి చేయండి.

ఇదంతా చదివి నాకు డీప్ సెడేషన్ మీద కోపం ఉందనుకోకండి. రోజూ ఇచ్చేదాన్నే. కొలనోస్కోపీకి (పెద్దపేగు లోపల చూసే పరీక్ష), ఎముక మజ్జ పరీక్షకు, గుండె లయ తప్పితే షాక్ ఇచ్చి సరిచేసే రెండు నిమిషాల పనికి, పిల్లల స్కానింగులకు అది చక్కగా సరిపోతుంది. గొంతు నొప్పి ఉండదు, కండరాలు వదులు చేసే మందు అక్కర్లేదు, ప్రొపోఫోల్‌తో వాంతులు తక్కువ, కాసేపటికి లేచి టీ తాగి ఇంటికి పోతారు. పని చిన్నది, కడుపు ఖాళీ, ఊపిరితిత్తులు బాగున్నాయి, పొట్ట కోయడం లేదు అన్నప్పుడు పైపు వేయడం అనవసరం. పేగు మూసుకుపోయి పొట్ట ఉబ్బినవాళ్లకు, రక్తం వాంతులు అవుతున్నవాళ్లకు మాత్రం ఎవరైనా "పైపు వద్దు, ఊరికే నిద్రపుచ్చి చేసేస్తాం" అంటే నేనైతే నా ఇంటి మనిషిని ఆ బల్ల ఎక్కనివ్వను.

మీ అన్నగారు ఫోన్ చేసి అడగాల్సింది ఏ మత్తు అని కాదు. మత్తు ఇచ్చేది ఎవరు, ఆ గంటసేపు వేరే పని పెట్టుకోకుండా బాపు ఊపిరినే చూసే మనిషి ఎవరు అని అడగమనండి. స్కోప్ పట్టుకున్న డాక్టరే ఒక కన్నుతో స్క్రీనూ ఇంకో కన్నుతో రోగినీ చూసుకుంటానంటే డీప్ సెడేషన్‌కు అది చాలదు. కొన్నిచోట్ల మత్తు డాక్టర్ ఫీజు వేరే అంటారు, బిల్లు తగ్గుతుందని ఇంటివాళ్లే వద్దనేస్తారు. తగ్గించుకోవాలంటే ఏసీ రూము తగ్గించుకోండి.

ప్రశ్న: మేడం, నేను నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఎండోస్కోపీ రూములో పోస్టింగ్. పల్స్ ఆక్సిమీటర్ తొంభై ఎనిమిది చూపిస్తున్నా అనస్థీషియా సర్ "అది కాదు, కెప్నో చూడు" అని అరుస్తుంటారు. ఆక్సిజన్ బాగున్నప్పుడు ఇంకో మిషన్ ఎందుకు?
– ఒక విద్యార్థిని, హన్మకొండ

జవాబు: మీ సర్ అరవడం మాత్రమే నాకు నచ్చలేదు, చెప్పింది వందకు వంద నిజం. కరోనా పుణ్యమా అని ఇవాళ ప్రతి ఇంట్లో వేలికి పెట్టుకునే ఆక్సిమీటర్ ఉంది. అది రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో చెబుతుంది. మనిషి ఊపిరి తీసుకుంటున్నాడా లేదా అన్నది దానికి తెలియదు. సెడేషన్‌లో మనం ముక్కుకు ఆక్సిజన్ పెడతాం. ఊపిరితిత్తుల నిండా ఆక్సిజన్ ఉన్న మనిషికి ఊపిరి ఆగినా, లోపలి నిల్వ అయిపోయేదాకా వేలి మీద తొంభై ఎనిమిదే కనిపిస్తుంది. అది కిందికి దిగి మిషన్ మోగేసరికి చేతిలో ఉన్న సమయం చాలావరకు కరిగిపోయి ఉంటుంది. కెప్నోగ్రఫీ ముక్కు దగ్గర సన్నటి గొట్టంతో బయటికి వచ్చే కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుంటుంది. ఒక్కో ఊపిరికి స్క్రీన్ మీద ఒక్కో గుట్ట. మామూలుగా ఆ అంకె 35 నుంచి 45 మధ్య ఉంటుంది. ముక్కు గొట్టంతో చూసేటప్పుడు నోటి నుంచి గాలి కలిసి అంకె తక్కువ చూపించవచ్చు, కాబట్టి అంకె కన్నా గుట్ట ఆకారం మీద కన్నేసి ఉంచు. గుట్ట రాలేదంటే ఊపిరి రాలేదు. గొట్టం ఊడిపోయి ఉండవచ్చు కూడా, అందుకే ముందు రోగి ఛాతీ చూడు, తర్వాత గొట్టం చూడు. ఛాతీ ఎగురుతూ కూడా గుట్ట రాకపోతే గొంతు దారి మూసుకుందేమో చూసి దవడ పైకెత్తు.

నేను పీజీ చేసే రోజుల్లో ఈ మిషన్లు ఏవీ మాకు అందుబాటులో లేవు. ఒక చెయ్యి గాలి సంచి మీద, ఇంకో చెయ్యి నాడి మీద, చెవిలో స్టెతస్కోప్. అలా గంటలు నిలబడటం గొప్పని నేననను. మిషన్ ఉన్నచోట మిషన్ కావాలి.

నీకు తెలుసో లేదో, ఊపిరిని చూడాలా నాడిని చూడాలా అన్న తగువు మన హైదరాబాద్‌లోనే ప్రపంచ స్థాయిలో నడిచింది. క్లోరోఫామ్‌తో మనుషులు ఎందుకు చనిపోతున్నారో తేల్చడానికి 1888లో ఒకసారి, 1889లో ఇంకోసారి హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్లు కూర్చున్నాయి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలం. హైదరాబాద్ మెడికల్ స్కూల్‌ను నడిపిన ఎడ్వర్డ్ లారీ దాని వెనక ఉన్న మనిషి. ప్రాణం పోయేది ముందు ఊపిరి ఆగడం వల్లే, కాబట్టి నాడి పట్టుకుని కూర్చోకండి, ఊపిరి మీద కన్ను తీయకండి అన్నది ఆయన వాదన. క్లోరోఫామ్ గుండెను కూడా నేరుగా ఆపగలదని తర్వాతి పరిశోధనల్లో తేలింది, అంటే లారీ మాట సగమే నిలబడింది. ఆ సగం మాత్రం ఇవాళ్టికీ మీ ఎండోస్కోపీ రూములో పనికొస్తోంది. ఆ స్కూల్లోనే చదివి మత్తు ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోనే మొదటి మహిళా అనస్థీషియా డాక్టర్లలో ఒకరు. మా వాళ్ల ఫొటోలు గోడలకు పెట్టుకునే ఆనవాయితీ లేదు గానీ ఉంటే నా గదిలో ఆమెదే పెట్టేదాన్ని.

ఇంకో సంగతి. మిడజోలమ్ అనే నిద్రమందు ఎక్కువైతే విరుగుడుగా ఫ్లుమజెనిల్ ఉంది, ఫెంటానిల్ అనే నొప్పి మందు ఎక్కువైతే నలోక్సోన్ ఉంది. ప్రొపోఫోల్‌కు విరుగుడు లేదు. దాని పని దిగిపోయేదాకా మనిషికి ఊపిరి మనమే ఆడించాలి. మైకేల్ జాక్సన్ 2009 జూన్‌లో చనిపోయింది ఈ మందుతోనే. ఆస్పత్రిలో వాడాల్సిన మందును నిద్ర కోసం పడకగదిలో ఇచ్చారు, కనిపెట్టుకుని చూసే ఏర్పాటు సరిగా లేదు. ఇచ్చిన డాక్టర్‌కు 2011లో కోర్టు శిక్ష వేసింది. అదే మందు ఆ రోజు కూడా ఎన్నో థియేటర్లలో ఎంతోమందికి ఇచ్చి ఉంటారు, వాళ్లంతా లేచి ఇళ్లకు పోయారు.

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయుణ్ణి. కొలనోస్కోపీకి "నిద్ర ఇంజెక్షన్ ఇస్తాం, ఏమీ తెలియదు" అన్నారు. నాకు మాటలన్నీ వినపడ్డాయి. డాక్టర్, నర్సు క్రికెట్ గురించి మాట్లాడుకోవడం కూడా గుర్తుంది. మందు సరిగా ఇవ్వలేదా? కోర్టుకు వెళ్లవచ్చా?
– జనగామ

జవాబు: కోర్టు సంగతి లాయరుగారిని అడగండి మాస్టారూ. నాకు తెలిసినంతవరకు మీకు ఇచ్చింది పైన మొదటి జవాబులో చెప్పిన రెండో స్థాయి మత్తు అయి ఉండాలి. అందులో మాటలు వినపడటం, కొంత గుర్తుండటం మామూలే. నొప్పి భరించలేనంతగా ఉందని మీరు రాయలేదు, అది మంచి సంకేతం. డీప్ సెడేషన్‌లో కూడా అక్కడక్కడా ఒక మాటో, ఒక లైటో గుర్తుండవచ్చు. ఏమీ తెలియకూడదని గట్టిగా చూసుకునేది జనరల్ అనస్థీషియాలోనే.

తప్పు మందులో లేదు, "ఏమీ తెలియదు" అన్న ఆ మాటలో ఉంది. బ్రిటన్‌లో మత్తులో ఉండగా మెలకువ వచ్చిన కేసుల మీద దేశమంతటా పెద్ద ఆడిట్ చేసి 2014లో రిపోర్టు ఇచ్చారు. ఫిర్యాదు చేసినవాళ్లలో కొందరికి అసలు ఫుల్ మత్తే ఇవ్వలేదు, ఇచ్చింది సెడేషన్. ముందే "మీకు కొంచెం తెలుస్తుంది, భయపడకండి, నొప్పయితే చెయ్యి ఎత్తండి" అని చెప్పి ఉంటే ఆ బాధ చాలావరకు ఉండేది కాదు. మన దగ్గర అంత పెద్ద మాట చెప్పడానికి ఎవరికీ తీరిక ఉండదు. "పడుకోండి సార్, అంతా అయిపోతుంది" అని తేల్చేస్తారు. ఈసారి చేయించుకునేటప్పుడు మీరే అడగండి, నాకు ఎంతవరకు తెలుస్తుంది అని. క్రికెట్ ముచ్చట గురించి మాత్రం నేను మీ పక్షమే. రోగి నిద్రపోయాడనుకుని నోరు జారే అలవాటు మా వాళ్లలో చాలామందికి ఉంది.

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. బ్రెయిన్ ఎంఆర్ఐ తీయాలి, కదలకుండా ఉండాలి కాబట్టి మత్తు ఇస్తామన్నారు. చిన్నప్పుడు మత్తు ఇస్తే తెలివి తగ్గుతుందని మా అత్తమ్మ, చుట్టుపక్కలవాళ్లు భయపెడుతున్నారు. నాకు రాత్రి నిద్ర పట్టడం లేదు.
– ఒక తల్లి, మంచిర్యాల

జవాబు: అమ్మా, ఈ భయం మీ అత్తమ్మగారు ఊరికే పుట్టించింది కాదు, డాక్టర్లలోనూ ఉండేది. 2016 డిసెంబర్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఒక హెచ్చరిక ఇచ్చింది. మూడేళ్ల లోపు పిల్లలకు మూడు గంటలకు మించి, లేదా మళ్లీ మళ్లీ మత్తు ఇస్తే ఎదిగే మెదడు మీద ప్రభావం ఉండవచ్చని. మీ పాప వయసు ఆ గీత దాటింది, ఎంఆర్ఐ సాధారణంగా గంట లోపు పని. పసిపిల్లలకే గంట లోపు ఒక్కసారి మత్తు ఇచ్చి, ఐదేళ్ల వయసులో తెలివితేటలు కొలిచి చూసిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2019లో వచ్చాయి. మత్తు లేకుండా వెన్నుకు సూదితో ఆపరేషన్ చేసిన పిల్లలకూ వీళ్లకూ తేడా కనిపించలేదు. ఫిట్స్ ఎందుకు వస్తున్నాయో తెలియకుండా వదిలేయడమే పాప మెదడుకు ఎక్కువ ముప్పు.

ఎంఆర్ఐ గొట్టంలో ఢమఢమ శబ్దం. పెద్దవాళ్లే బెదురుతారు, నాలుగేళ్ల పిల్లను కదలకుండా పడుకో అంటే ఎలా పడుకుంటుంది? సగం మత్తులో కదిలితే బొమ్మలు చెడిపోయి మళ్లీ మొదటినుంచి తీయాలి. అందుకే ఇక్కడ డీప్ సెడేషన్ ఇస్తాం. పిల్లకు పెద్ద టాన్సిల్స్ లాంటివి ఉంటే గొంతులో చిన్న పరికరం పెట్టి ఫుల్ మత్తే ఇవ్వవచ్చు కూడా. అది అక్కడి మత్తు డాక్టర్ పిల్లను చూసి తేల్చుకోవాలి. మీరు అడగాల్సింది ఒకటుంది. మామూలు మానిటర్లు ఆ అయస్కాంతం గదిలోకి పనికిరావు, అక్కడ వాడదగ్గ మానిటర్ వేరే ఉంటుంది. అది ఉందా, స్కాన్ జరుగుతున్నంతసేపు మత్తు డాక్టర్ అక్కడే ఉంటారా? రెండింటికీ అవునంటే నిశ్చింతగా వెళ్లండి.

పరగడుపు విషయం మన ఇళ్లలో ఎప్పుడూ తేడా కొడుతుంది. అన్నం, ఇడ్లీ, బిస్కెట్, ఆవుపాలు, గేదెపాలు, హార్లిక్స్ ఏదైనా ఆరు గంటల ముందే ఆపాలి. పూరీలు, చికెన్ లాంటి నూనె తిండి అయితే ఎనిమిది గంటలు. తల్లిపాలు తాగే చంటిపిల్లలకు నాలుగు గంటలు. తేటనీళ్లు రెండు గంటల ముందు వరకు ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా. రాత్రి నుంచి చుక్క నీళ్లు లేకుండా ఎండబెట్టి తెస్తే పిల్ల ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లుతుంది, నరం దొరకదు. రాగి జావ, అంబలి తేటనీళ్ల లెక్కలోకి రావు. పాపం ఆకలేస్తోందని నాయనమ్మలు దారిలో బస్సులో పెట్టే అరబిస్కెట్ గురించి ప్రత్యేకంగా రాస్తున్నాను. పెట్టి ఉంటే చెప్పండి, తిట్టను, స్కాన్ టైము వెనక్కి జరుపుతాను అంతే. ఫిట్స్ మందు మాత్రం డాక్టర్ ఆపమనకపోతే పొద్దున గుక్కెడు నీళ్లతో వేయాల్సిందే. ఆ రోజు జలుబు, దగ్గు, జ్వరం ఉంటే దాచి తీసుకురావద్దు. మంచిర్యాల నుంచి అంత దూరం వచ్చాక వాయిదా అంటే ప్రాణం ఉసూరుమంటుంది, బయలుదేరేముందే ఒక ఫోన్ కొట్టండి.

ప్రశ్న: మేము గుడ్డు కూడా ముట్టని వాళ్లం. ఆ తెల్లటి మత్తు ఇంజెక్షన్‌లో గుడ్డు ఉంటుందట, నిజమేనా?
– ఒక గృహిణి, వరంగల్

జవాబు: నిజమే. ప్రొపోఫోల్ నీళ్లలో కరగదు, అందుకని సోయాబీన్ నూనె, గుడ్డు పచ్చసొన నుంచి తీసి శుద్ధి చేసిన లెసిథిన్ కలిపి తయారుచేస్తారు. పాలలాగా కనిపించేది అందుకే. గుడ్డు పడనివాళ్లలో ఎక్కువమందికి సమస్య తెల్లసొనలోని ప్రొటీన్లతో, కాబట్టి సాధారణంగా ఇబ్బంది రాదు. అయినా ఎలర్జీ ఉంటే ముందే చెప్పాలి. మీది ఎలర్జీ కాదు, నియమం. అదీ చెప్పవచ్చు, తప్పేమీ లేదు. వేరే మందులున్నాయి. కానీ వాటితో లేవడం ఆలస్యం కావచ్చు, కెటమిన్‌తో అయితే లేచేటప్పుడు వింత కలలు రావచ్చు. అది ఒప్పుకుంటే మీ ఇష్టం.

ప్రశ్న: మిర్చి అమ్మకానికి ఎనుమాముల మార్కెట్‌కు వస్తున్నాను. అదే రోజు పొద్దున హన్మకొండలో కొలనోస్కోపీ పెట్టుకుంటే ఒక్క రాకతో రెండు పనులవుతాయి. పాట సమయానికి మా పిల్లగాడు మార్కెట్‌లో ఉంటాడు, కాంటా వరకు నేను బండి మీద పోయి అందుకుంటాను. పదకొండుకల్లా మత్తు దిగుతుందన్నారు. సరేనా?
– ఒక రైతు, పరకాల

జవాబు: సరే కాదు. పదకొండుకు మీరు నడుస్తారు, మాట్లాడతారు, ఆకలైందంటారు. కానీ ఇరవై నాలుగు గంటలు బండి నడపకూడదు, ట్రాక్టరూ వద్దు, మోటారు స్టార్టర్ దగ్గరికీ పోవద్దు. డబ్బు లెక్క, సంతకం కూడా వద్దు. మిడజోలమ్ ఇచ్చి ఉంటే ఆ పూట విన్న మాట, చూసిన అంకె మర్నాటికి గుర్తుండకపోవచ్చు. క్వింటాకు ఎంత పలికింది, అడ్తిదారు ఎంత కోత పెట్టాడు అన్నది మీకు గుర్తు లేకపోతే నష్టపోయేది మీరే. పైగా కొలనోస్కోపీకి ముందు పేగులు కడిగే మందు తాగి ఉంటారు, ఒంట్లో నీళ్లు తక్కువ ఉంటాయి, మార్కెట్ ఎండలో కళ్లు తిరుగుతాయి. మిర్చి రోజు వేరు, పరీక్ష రోజు వేరు పెట్టుకోండి. పరీక్షకు పెద్దమనిషిని ఒకరిని తోడు తెచ్చుకోండి, తోడు లేకుండా మంచి ఆస్పత్రివాళ్లు పంపించరు. బండి తాళంచెవి మాత్రం లోపలికి పోకముందే వాళ్ల చేతిలో పెట్టండి. బయటికి వచ్చాక అడిగితే మీరు ఇవ్వరు, అప్పుడు మీకు ఒళ్లంతా బ్రహ్మాండంగా ఉన్నట్టే అనిపిస్తుంది.